నేలపట్టు, పులికాట్‌కు ఇంటిల్లిపాదీ వెళ్లాలంటే: ఒక్క రోజు ప్రయాణం, మొదటి నుంచి చివరి దాకా

సంక్రాంతి దగ్గర పడితే చాలు, చుట్టాల నుంచి ఫోన్లు మొదలవుతాయి. "పిల్లల్ని తీసుకుని పక్షుల్ని చూడ్డానికి వద్దామనుకుంటున్నాం. ఎన్ని గంటలకు రావాలి? అమ్మ నడవగలదా? ఫ్లెమింగోలు కచ్చితంగా ఉంటాయా?" ఒక్కొక్కరికీ కొంచెం కొంచెం చెప్పి అలసిపోయి, మొత్తం ఒకచోట రాస్తున్నాను.

చూడాల్సినవి రెండు చోట్లు. ఒకటి నేలపట్టు. దొరవారిసత్రం దగ్గర హైవే దిగి కాస్త లోపలికి వెళ్తే వచ్చే చెరువు, దాని చుట్టూ అభయారణ్యం. రెండోది పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు సరస్సు మధ్యలోంచి వెళ్లే రోడ్డు మీద నిలబడి చూడాలి. రెండూ ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉన్నాయి. రెంటికీ మధ్య గంట ప్రయాణం కూడా ఉండదు. కానీ రెండు చోట్లా చూసే పద్ధతి వేరు, పక్షులూ వేరు. నేలపట్టులో పక్షులు గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. పులికాట్‌కు మేత కోసం వస్తాయి. ఈ తేడా మనసులో పెట్టుకుంటే మిగతా ప్లానంతా దాన్నిబట్టే నడుస్తుంది.

1. ముందు నెల, తర్వాత రోజు

అక్టోబరు నుంచి మార్చి దాకా సీజన్. అందులోనూ పిల్లలతో వెళ్లేవాళ్లకు డిసెంబరు రెండో వారం నుంచి ఫిబ్రవరి చివరి దాకా బాగుంటుంది. అప్పటికి ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గుతాయి, చెరువులో నీళ్లుంటాయి, గూళ్లలో పిల్లలు కనిపిస్తాయి, ఎండ కూడా ఓర్చుకునేలా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో సెలవులున్నాయి కదా అని మాత్రం రాకండి. పులికాట్‌లో చాలా భాగం ఎండిపోయి ఉంటుంది. చూడ్డానికి మిగిలేది ఎండే.

నెల ఖాయమయ్యాక ఈ మూడు కనుక్కోండి:

- ఆ ఏడు వానలు బాగా పడ్డాయా? నేలపట్టు చెరువు వాన మీద ఆధారపడింది. చెరువు నిండకపోతే పక్షులు తక్కువగా వస్తాయి. అలాంటి ఏడాది నేలపట్టుకు గంట చాలు, మిగతా సమయం పులికాట్‌కు పెట్టుకోండి.
- ఆ రోజు శ్రీహరికోట నుంచి రాకెట్ ప్రయోగం ఉందా? ఉంటే సరస్సు రోడ్డు మీద బళ్ల రద్దీ, పోలీసు తనిఖీలు ఉంటాయి. రాకెట్ చూడ్డానికి వస్తే అది వేరే ప్రయాణం, రెండూ కలపకండి.
- ఫ్లెమింగో ఫెస్టివల్ తేదీలు ఏమిటి? ఎక్కువగా జనవరిలో జరుపుతారు. స్టాళ్లు, పాటలు, బస్సులతో సందడిగా ఉంటుంది. తిరునాళ్లలా తిరగాలంటే ఆ రోజుల్లోనే రండి. పక్షుల కోసమైతే వారం ముందో వారం తర్వాతో రండి.

వీలుంటే ఆదివారం మానేసి మంగళవారమో బుధవారమో పెట్టుకోండి. టికెట్ ధరలు, గేటు వేళలు మారుతుంటాయి కాబట్టి ముందు రోజే ఫోన్ చేసి అడగండి.

2. చిన్నవాళ్లను, పెద్దవాళ్లను బట్టే ప్లాన్

ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు ఎంతసేపు కుదురుగా ఉండగలరు, అందరికంటే పెద్దవాళ్లు ఎంత దూరం నడవగలరు? ఈ రెండే చూసుకోండి. ఫోటోల పిచ్చి ఉన్న మేనమామను బట్టి ప్లాన్ వేస్తే మధ్యాహ్నానికి అందరికీ విసుగు వస్తుంది.

మూడేళ్లలోపు పిల్లలుంటే రెండు చోట్లూ ఒకే రోజు వద్దు. పులికాట్ రోడ్డు ఒక్కటి చాలు, కారు పక్కనే నిలబడి చూడొచ్చు. నాలుగేళ్ల నుంచి ఏడేళ్ల పిల్లలైతే ఒక్కోచోట గంటన్నర మించి ఆశించకండి.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు నేలపట్టు రావచ్చు. చెరువు కట్ట మీద నడక మెల్లగా సాగుతుంది. వాచ్‌టవర్ మెట్లు మాత్రం ఎక్కించకండి. ఒక మడత కుర్చీ తెచ్చి కట్ట మీద నీడ చూసి వేస్తే టవర్ ఎక్కినవాళ్ల కంటే ఎక్కువే చూస్తారు. ఇది నేను కళ్లారా చూసిన మాట.

మొదటిసారి మా అత్తను తీసుకెళ్లినప్పుడు, "కొంగల్ని చూడ్డానికా ఇంత దూరం? మనూరి చెరువులో లేవా?" అని దారంతా సణిగింది. కట్ట మీద కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఎదురుగా చెట్టు మీద గూడబాతు (పెలికాన్) నోరు తెరిచింది. పిల్ల తల మొత్తం తల్లి ముక్కు కింది సంచిలోకి దూర్చేసింది. మెడ దాకా లోపలికి పోయి గిలగిలా కొట్టుకుంటోంది. "అయ్యో, మింగేస్తోందే!" అని అత్త కుర్చీలోంచి లేచింది. అది మేత పెట్టడమని చెప్పాక నమ్మలేక, పిల్ల తల బయటికి వచ్చేదాకా అలాగే నిలబడింది. తర్వాత రెండు గంటలు ఆమెను అక్కడి నుంచి కదిలించలేకపోయాం.

3. సర్దుకోవాల్సినవి

బట్టల దగ్గరే చాలామంది పొరపాటు చేస్తారు. ఫోటోలు బాగా వస్తాయని ఎర్ర ఫ్రాకులు, తెల్ల చొక్కాలు వేస్తారు. మట్టిరంగు, ముదురు ఆకుపచ్చ, బూడిదరంగు లాంటివి మంచివి. తళుకుల చీరలు, నడిస్తే లైట్లు వెలిగే పిల్లల బూట్లు, గలగలలాడే గజ్జెలు ఇంట్లోనే ఉంచండి.

ముందు రాత్రే బ్యాగులో పెట్టేయండి:

- మనిషికి రెండు లీటర్ల నీళ్లు (సరస్సు రోడ్డు మీద దారిలో దొరుకుతాయనుకోకండి)
- టోపీలు, పిల్లలకు పొడుగు చేతుల చొక్కాలు
- దోమల క్రీము (సాయంత్రం నీళ్ల పక్కన తప్పనిసరి)
- ఒక జత బైనాక్యులర్లు, మెడలో వేసుకునే పట్టీతో
- మడత కుర్చీ, పాత దుప్పటి
- శబ్దం చేయని తిండి: అరటిపండ్లు, పులిహోర, ఉడకబెట్టిన వేరుశనగలు (కరకరలాడే చిప్స్ ప్యాకెట్లు వద్దు)
- చెత్త వేసుకోవడానికి ఒక సంచి
- పెద్దవాళ్ల మందులు, బ్యాండ్ఎయిడ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు
- చిన్న నోటు పుస్తకం, పెన్సిలు

డ్రోన్ తేవద్దు. అభయారణ్యంలో అనుమతి లేకుండా ఎగరేస్తే కేసవుతుంది. బ్లూటూత్ స్పీకరు కూడా వద్దు.

4. బైనాక్యులర్లు ఇంట్లోనే అలవాటు చేయండి

ఈ ఒక్క పని చేసి వచ్చిన పిల్లలు, చేయకుండా వచ్చిన పిల్లలు ఇట్టే తెలిసిపోతారు. చేయనివాళ్లు అక్కడికొచ్చి, "నాకేం కనపళ్లేదు" అని ఏడుస్తారు. వాళ్లు మొండికేయడం కాదు, నిజంగానే ఏమీ కనపడదు.

కొనేటట్లయితే 8x42 అని రాసి ఉన్నది చాలు, అంటే ఎనిమిది రెట్లు పెద్దదిగా చూపించేది. పది రెట్ల కంటే ఎక్కువ పెద్దదిగా చూపించేవి చేతిలో వణుకుతాయి, పిల్లలకు పనికిరావు. అద్దాలు పెట్టుకునేవాళ్లు కంటి దగ్గరి రబ్బరు కప్పులను లోపలికి మడవాలి.

వారం ముందు మేడ మీదకు తీసుకెళ్లి ఇలా నేర్పించండి:

1. రెండు గొట్టాల మధ్య దూరాన్ని పిల్లల కళ్లకు సరిపోయేలా మడవండి. రెండు గుండ్రాలు కలిసి ఒకే గుండ్రంగా కనిపించాలి.
2. కుడి కన్ను మూయించండి. ఎడమ కంటితో ఎదురింటి నీళ్ల ట్యాంకు మీద అక్షరాలు చూస్తూ మధ్య చక్రం తిప్పించండి, స్పష్టంగా కనిపించేదాకా.
3. ఇప్పుడు ఎడమ కన్ను మూసి, కుడి కంటి దగ్గరున్న చిన్న రింగును తిప్పి సరిచేయండి. ఆ తర్వాత దాన్ని ముట్టుకోవద్దు.
4. ముందు మామూలు కళ్లతో కాకిని చూడమనండి. చూపు దాని మీద నుంచి తిప్పకుండానే బైనాక్యులర్లను కళ్ల దగ్గరికి తెచ్చుకోవాలి. అందరూ తడబడేది ఇక్కడే. పదిసార్లు చేస్తే వచ్చేస్తుంది.

బైనాక్యులర్లతో సూర్యుడి వైపు చూడకూడదని గట్టిగా చెప్పండి. కళ్లు పోతాయి.

5. రోజు ఎలా గడపాలి

ఉదయం నేలపట్టు, సాయంత్రం పులికాట్. ఈ వరుస తిప్పకండి. ఉదయం చల్లగా ఉన్నప్పుడే నడక పని అయిపోవాలి. సాయంత్రానికి అలసిపోయి ఉంటారు కాబట్టి అప్పుడు కారు పక్కన నిలబడితే చాలనిపిస్తుంది.

- తెల్లవారుజామున: నెల్లూరు నుంచైనా, తిరుపతి నుంచైనా, చెన్నై నుంచైనా గేటు తెరిచే వేళకు నేలపట్టు చేరేలా బయల్దేరండి. నెల్లూరు, చెన్నై వాళ్లది హైవే దారే. తిరుపతి వాళ్లు నాయుడుపేట మీదుగా రావాలి. హైదరాబాద్, విజయవాడ నుంచి వచ్చేవాళ్లు ముందు రాత్రే వచ్చి నెల్లూరులోనో సూళ్లూరుపేటలోనో దిగండి.
- తొమ్మిదిన్నర దాకా: నేలపట్టు.
- పదింటికి: సూళ్లూరుపేటలో టిఫిను.
- పదకొండు నుంచి మూడు దాకా: విశ్రాంతి. దీన్ని కత్తిరించకండి. పెద్దవాళ్లు చెంగాళమ్మ గుడికి వెళ్తామంటారు. తలుపులు మూయని గుడిగా దానికి పేరుంది. పిల్లలు నిద్రపోతే ఇంకా మంచిది.
- మూడున్నర నుంచి ఐదున్నర: పులికాట్ రోడ్డు.
- చీకటి పడకముందే వెనక్కి.

రైల్లో వచ్చేవాళ్లు చెన్నై–గూడూరు లైన్లో సూళ్లూరుపేటలో దిగి, రోజంతటికీ ఆటో మాట్లాడుకోవచ్చు. రెండు చోట్లా వేచి ఉండాలని ముందే చెప్పి బేరమాడండి. లేకపోతే పులికాట్ దగ్గర అరగంటకే హారన్ కొడతాడు.

6. నేలపట్టులో: నడక తక్కువ, కూర్చోవడం ఎక్కువ

లోపలికి వెళ్లగానే పిల్లలకు రెండు సంగతులు చెప్పండి. ఒకటి, వాసన వస్తుంది. వేల పక్షులు చేపలు తిని ఉండేచోటు ఇంకెలా ఉంటుంది? ముందే చెబితే ముక్కు మూసుకుని నవ్వుతారు, చెప్పకపోతే, "ఛీ, వెళ్లిపోదాం" అంటారు. రెండు, ఎందుకు అరవకూడదో కారణంతో సహా చెప్పండి. పెద్ద పక్షి బెదిరి ఎగిరిపోతే గూట్లో గుడ్లు, పిల్లలు ఎండకు వదిలేసినట్టే. ఆ సందులో కాకులు, గద్దలు దిగుతాయి. ఈ మాట విన్న పిల్లలు వాళ్లంతట వాళ్లే గుసగుసల్లోకి దిగుతారు. పైగా మనం కాస్త గట్టిగా మాట్లాడినా, "ష్" అని మనకే చెబుతారు.

తర్వాత ఇలా సాగండి:

1. ముందు టాయిలెట్. ఆ తర్వాతే చెరువు.
2. చెరువు కట్ట మీదికి మెల్లగా నడవండి. గుంపుగా కాకుండా వరుసగా, పిల్లలు ముందు.
3. నీళ్లలో నిలబడ్డ కడప అనే రకం చెట్లు బాగా కనిపించే ఒక్క చోటు ఎంచుకుని దుప్పటి పరచండి.
4. పది నిమిషాలు ఎవరూ కదలకూడదు. మొదటి ఐదు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత కొమ్మ కొమ్మకూ కదలిక కనిపించడం మొదలవుతుంది.
5. ఒకే గూటిని అరగంట చూడండి. ఎవరు వస్తున్నారు, నోట్లో ఏముంది, పిల్లలెన్ని అని పిల్లలతో నోటు పుస్తకంలో రాయించండి.
6. ఆఖర్న ఓపికున్నవాళ్లు మాత్రం వాచ్‌టవర్ ఎక్కండి.

కట్ట దిగి నీళ్ల వైపు వెళ్లకండి. మరమరాలు, బ్రెడ్డు విసరకండి. కింద పడ్డ పిల్ల కనిపిస్తే చేతుల్లోకి తీసుకోకుండా సిబ్బందికి చెప్పండి.

7. పులికాట్ రోడ్డు మీద

సూళ్లూరుపేట దాటాక కాసేపటికి రోడ్డుకు రెండు వైపులా నీళ్లు మొదలవుతాయి. అక్కడి నుంచి మెల్లగా పోనివ్వండి. షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) ఉద్యోగుల బస్సులు, లారీలు వేగంగా తిరిగే రోడ్డు ఇది. ఎక్కడ పడితే అక్కడ బ్రేకు వేయకూడదు. పక్కన చోటున్న దగ్గరే ఆపి, పార్కింగ్ లైట్లు వేసి, పిల్లల్ని ట్రాఫిక్ లేని వైపు తలుపులోంచే దించండి. రోడ్డు దాటించే పని పెట్టుకోకండి.

ఎటువైపు చూడాలి? ఈ రోడ్డు దాదాపు పడమర నుంచి తూర్పుకు పోతుంది. చలికాలంలో సూర్యుడు దక్షిణం వైపు వాలి తిరుగుతాడు. కాబట్టి రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల మీద వెలుగు బాగా పడుతుంది, మన వీపుకు ఎండ తగులుతుంది. దక్షిణం వైపున్నవి నల్లటి నీడల్లా కనిపిస్తాయి. శ్రీహరికోట వైపు పోతుంటే ఎడమ చేతి వైపు ఉత్తరం, మన బండి కూడా ఆ వైపే ఆగుతుంది. ఈ సంగతి తెలియక రెండేళ్లపాటు నేను నల్లటి ఫోటోలే తీశాను.

పిల్లలకు ముందే చెప్పాల్సింది ఇంకొకటుంది. దూరం నుంచి ఫ్లెమింగోలు గులాబీరంగులో కనిపించవు. నీళ్ల మీద తెల్లటి గీతలా కనిపిస్తాయి. వాటి గులాబీరంగు మేతలోంచి వస్తుంది, వయసులో చిన్నవైతే బూడిదరంగులోనే ఉంటాయి. అసలు రంగు చూడాలంటే గుంపు లేచే దాకా ఆగాలి. రెక్క విప్పగానే లోపల ఎరుపు, అంచున నలుపు ఒక్కసారిగా బయటపడతాయి. అలా లేపడానికి చప్పట్లు కొట్టేవాళ్లు, రాళ్లు విసిరేవాళ్లు ప్రతి ఆదివారం కనిపిస్తారు. అవి రోజంతా మేస్తేనే కడుపు నిండే పక్షులు. వాటిని లేపడం మన పని కాదు, ఆగితే అవే లేస్తాయి.

శ్రీహరికోట గేటు దగ్గర వెనక్కి తిరగాల్సిందే. పాస్ లేకుండా లోపలికి వెళ్లనివ్వరు. గేటు ఫోటోలు తీయకండి.

8. పిల్లలు గుర్తుపట్టగలిగే ఐదు

పక్షుల పుస్తకమంతా తెచ్చి వల్లె వేయించకండి. ఐదు చాలు. రంగుతో కాదు, పక్షి చేసే పనితో గుర్తుపట్టించండి.

- గూడబాతు: ముక్కు కింద సంచి. బరువుగా లేస్తుంది, ఎగిరేటప్పుడు మెడ వెనక్కి ముడుచుకుంటుంది.
- నత్తగుల్ల కొంగ: ముక్కు మూసినా మధ్యలో సందు ఉంటుంది. నత్తల్ని తినే ముక్కు కాబట్టే అలా వంకరగా ఉంటుంది.
- తెడ్డుమూతి కొంగ: గరిటెలాంటి ముక్కును నీళ్లలో కుడికీ ఎడమకీ ఊపుతుంది.
- నీటికాకి: మునిగి లేచి, రెక్కలు చాపి బట్టలారేసినట్టు ఆరబెట్టుకుంటుంది.
- ఫ్లెమింగో: తల తలకిందులుగా పెట్టి మేస్తుంది. ఎగిరేటప్పుడు మెడ ముందుకు, కాళ్లు వెనక్కి కర్రలా చాపుతుంది.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసుకునే దారి

కారు సరస్సులోకి దించడం: అన్నింటికంటే పెద్ద తప్పు ఇదే. ఫిబ్రవరి తర్వాత నీళ్లు వెనక్కి తగ్గితే రోడ్డు పక్క నేల తెల్లగా పెచ్చు కట్టి, క్రికెట్ ఆడుకునేంత గట్టిగా కనిపిస్తుంది. పైపెచ్చు కింద అంతా నల్లటి బురదే. మా చిన్నాన్న కొడుకు ఫోటో కోసం పది అడుగులు దించాడు. ముందు చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. ట్రాక్టరు దొరికి బయటపడేసరికి రాత్రి ఎనిమిదైంది. దిగబడితే యాక్సిలరేటర్ తొక్కకండి, ఇంకా లోతుకు పోతుంది. పిల్లల్ని రోడ్డు మీదకు చేర్చి, చక్రాల కింద కంపలో, కారు మ్యాట్లో వేసి మెల్లగా రివర్స్ ప్రయత్నించండి. కదలకపోతే సాయం పిలవండి. మనుషులు నడిచినా అంతే, చెప్పు బురదలోనే ఉండిపోతుంది.

పదింటికి నేలపట్టు చేరడం: ఎండ ఎక్కింది, కదలిక తగ్గింది. బాధపడకండి. నీడలో అరగంట కూర్చుని గూళ్లు మాత్రం చూసుకుని బయటపడండి. మిగిలిన సమయం సాయంత్రానికి కలపండి.

పిల్లలకు విసుగు రావడం: పక్షి పేర్లు ఆపేసి లెక్క మొదలుపెట్టండి. "రెండు నిమిషాల్లో ఎన్ని దిగాయి?" అని అడగండి. అది కూడా పనిచేయకపోతే అరటిపండు, తర్వాత కారు. బలవంతంగా కూర్చోబెడితే వచ్చే ఏడు రారు.

దగ్గరి ఫోటో కోసం ఆరాటం: ఫోన్‌తో పక్షి ఫోటో రాదు, వచ్చినా చుక్కలా వస్తుంది. బైనాక్యులర్లలోంచి చూస్తున్న నాన్నమ్మ ఫోటో తీయండి, అది బాగా వస్తుంది.

ఎండదెబ్బ: చలికాలమే కదా అని టోపీ తీసేస్తారు. నీటి మీద వెలుగు తిరిగి ముఖాన కొడుతుంది. తల తిరుగుతోందంటే వెంటనే నీడ, ఓఆర్ఎస్, మిగతా ప్లాన్ రద్దు.

10. బయల్దేరే ముందు

- దుప్పటి దులిపి, కింద తొక్కలు, కవర్లు ఏరారా? తినేవేమీ వదలకూడదు, అరటితొక్క కూడా.
- బైనాక్యులర్లు ఎవరి మెడలో ఉన్నాయి? (కారు టాప్ మీద పెట్టి మర్చిపోవడం మా ఇంట్లో రెండుసార్లు జరిగింది.)
- పిల్లల కాళ్లు, చెప్పులు మంచినీళ్లతో కడిగారా? ఉప్పు బురద ఆరితే చర్మం మండుతుంది.
- దారిలో పెట్రోలు, టాయిలెట్ ఎక్కడో అనుకున్నారా?
- నోటు పుస్తకం సీటు కింద పడిపోలేదు కదా? ఇంటికి చేరాక పిల్లలు నిద్రపోకముందే అందులో ఒక పేజీ రాయించండి. మా చిన్నవాడి మొదటి పేజీలో ఒకే వాక్యం ఉంది: "నాన్నమ్మ కుర్చీ దిగలేదు."